పాత యంత్రములు – కొత్త దీపములు

ఇటీవల ఒక శ్రోత మాకు వ్రాసిన ఉత్తరములో చిన్న ప్రశ్న యొకటి యడిగిరి. వారి పట్టణములో కొత్తగా తెరచిన కాఫీ హోటలులో నీళ్ల గొట్టములు, కొళాయి చక్రములు, ఆవిరి కొలిచెడి బిళ్లలు బిగించి చేసిన దీపములు వ్రేలాడదీసినారట. "ఇది కళయా? లేక పాత ఇనుప సామాను దుకాణమా?" అని వారి సందేహము. ఉత్తరమునకు ఉత్తరముతోనే జవాబు చెప్పి ఊరకుండవచ్చును. కాని ఈ దీపముల విషయమున మాకు కొంత స్వానుభవ మున్నది. అందులో సంతోషమున్నది, ఒక తప్పిదము కూడ నున్నది. ఆ రెండును దాచక చెప్పుకొనవలెనను తలంపుతో ఈ ప్రసంగమును సిద్ధపరచితిమి.

ముందుగా వీని పుట్టు పూర్వోత్తరములు. ఈ తరహా దీపములకు పాశ్చాత్య దేశములలో 'స్టీమ్‌పంక్' దీపములని పేరు. స్టీమ్ అనగా ఆవిరి. ఈ పదమును మొట్టమొదట వాడినవాడు అమెరికా రచయిత కె. డబ్ల్యు. జీటర్. కంప్యూటరుల భవిష్యత్తును గూర్చిన ఒక తరగతి కథలను అప్పటికే 'సైబర్‌పంక్' అని పిలుచుచుండిరి. 1987లో జీటర్ 'లోకస్' అను పత్రికకు లేఖ వ్రాయుచు, తానును, తన మిత్రులైన టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్‌లును విక్టోరియా రాణి కాలమును నేపథ్యముగా గైకొని అల్లుచున్న కథలకు కూడ అట్టి పేరొకటి యుండవలెను గదా యని, సగము హాస్యముగా ఈ మాటను ప్రయోగించెను. హాస్యమునకు పుట్టిన పేరు స్థిరపడిపోయినది.

ఆ కథల ఊహ యేమనగా — ఆవిరి యంత్రముల కాలము ముగియకుండ నేటివరకు సాగివచ్చినచో లోకమెట్లుండెడిది? విద్యుత్తు, కంప్యూటరు, విమానము అన్నియు నుండును. కాని అవి యన్నియు ఇత్తడితోను, రాగితోను, పళ్లచక్రములతోను పనిచేయును. ఈ ఊహకు మూలపురుషులు ఫ్రాన్సు దేశపు జూల్ వెర్న్, ఇంగ్లండు దేశపు హెచ్. జి. వెల్స్. వెర్న్ సృష్టించిన జలాంతర్గామి 'నాటిలస్'ను, 1895లో వెల్స్ ఊహించిన కాలయంత్రమును చదివినవారికి ఈ సొగసు కొత్త కాదు.

కథలలోని యంత్రములను చేతితో చేసి చూడవలెనని కొందరికి తోచినది. అట్లు చేసినవారిలో ఆర్ట్ డానవన్ అను అమెరికను ఒకడు. ఆయన వృత్తియే దీపముల రూపకల్పన. 2009 అక్టోబరులో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారి విజ్ఞానశాస్త్ర చరిత్ర ప్రదర్శనశాలలో ఈ కళాఖండముల ప్రదర్శన యొకటి ఆయన పర్యవేక్షణలో ఏర్పాటైనది. 2010 ఫిబ్రవరి వరకు సాగినది. ఆ భవనము 1683లో తలుపులు తెరచినది. నక్షత్రముల యెత్తును కొలిచెడి ప్రాచీన ఇత్తడి యంత్రములకు అది పెట్టినది పేరు. అట్టి చోట, మూడునాలుగు వందల యేండ్ల నాటి పరికరముల సరసన, నిన్న మొన్న చేసిన దీపములను గడియారములను నిలిపిరన్నమాట. పాత ఇనుమని తీసిపారవేయుటకు వీలులేని గౌరవము దానితో వీనికి లభించినది.

సరే, దీనియందు మనుష్యులకు ఇంత మోజు కలుగుటకు కారణమేమి? మాకు తోచిన కారణము చెప్పెదము. నేడు మన చేతిలోని టెలిఫోను మూత తీసి చూచినచో ఏమి కనబడును? ఒక నల్లని పలక. అందులో కదలునదేదియు లేదు. పని జరుగుచున్నదనుటకు సాక్ష్యమేదియు లేదు. పూర్వపు యంత్రము అట్టిది కాదు. అది తన పనిని కంటికి చూపుచు చేసెడిది.

ఒక్క ఉదాహరణము. ఆవిరి బాయిలరు మీద గుండ్రని బిళ్లలో ముల్లు కదలుచుండుట మీలో చాలమంది చూచియుందురు. ఒత్తిడిని కొలిచెడి ఆ పరికరమునకు 1849లో పారిస్ నగరమున యూజీన్ బూర్డన్ అను ఇంజనీరు పేటెంటు పొందెను. బిళ్ల లోపల నున్నది మరేమియు కాదు — కొడవలివలె వంచిన ఒక అణచిన గొట్టము. దాని ఒక కొన తెరచి యుండును, రెండవ కొన మూసి యుండును. తెరచిన కొనలోనికి ఆవిరి దూరగానే గొట్టము తన వంపును సడలించి కొంచెము చాచుకొనజూచును. తిరునాళ్లలో పిల్లలు ఊదెడి చుట్టబూర, ఊదినకొలది ఎట్లు విప్పుకొనునో, అట్లే. మూసిన కొన కదలిక యొక పళ్లచక్రమునకు అంది, ముల్లు తిరుగును. ఇంతే సూత్రము. మూడవ తరగతి పిల్లవానికి బోధపడును. బోధపడిన వస్తువుపై ప్రేమ కలుగుట సహజము గదా!

మా రేడియో సంగతియే తీసికొనుడు. ట్రాన్సిస్టరు రాకముందు మన పెద్దల ఇండ్లలోని రేడియోలలో వాల్వులుండెడివి. మీట నొక్కిన వెంటనే అవి పలికెడివి కావు. లోపలి తీగలు ఎర్రబడి, వెచ్చబడి, అప్పుడు గొంతు వినవచ్చెడిది. కొన్నింటికి ముందు భాగమున పచ్చని 'మాయకన్ను' ఒకటి యుండెడిది. కేంద్రము సరిగా దొరకినప్పుడు ఆ వెలుగు దగ్గరకు చేరెడిది. మా తాతగారి ఇంట అట్టి రేడియో యొకటి అటక మీద చాలకాలము పడియుండెను. బాల్యములో దాని వెనుక అట్టను విప్పి, ఆ గాజు బుడ్లను చూచుచు కూర్చుండుట మాకు సినిమా కన్న ఎక్కువ. నేడు ఆ బుడ్లతోనే దీపములు చేయువారు కలరు.

ఐతే ఒక హెచ్చరిక. పళ్లచక్రములు నాలుగు తెచ్చి, జిగురుతో అంటించి, ఇదియే స్టీమ్‌పంక్ అని అమ్మువారు బయలుదేరినారు. ఆ చక్రము దేనిని త్రిప్పును? దేనినీ త్రిప్పదు. ఇందు ఆరితేరిన పనివారు అట్టి అలంకారమును మెచ్చరు. వారి నియమము, ప్రతి భాగమునకు ఒక పని యుండవలెనని. నీటి వాల్వు చక్రము నుంచినచో, దానిని త్రిప్పగా దీపము వెలుగవలెను, తగ్గవలెను, ఆరవలెను. వాల్వు లోపలి భాగములు తీసివేసి, దాని ఇరుసును త్రిప్పుడు స్విచ్చుకు జతపరచినచో ఇది సాధ్యమే. గొట్టము నుంచినచో, దానిలోనుండి తీగ పోవలెను. ఇనుప చక్రము నుంచినచో, అది పీటయై దీపమును పడకుండ నిలుపవలెను.

పారిశ్రామిక వస్తువునుండి పుట్టిన చక్కని దీపము మనకు కొత్త కాదని కూడ ఈ సందర్భమున జ్ఞాపకము చేయవలసి యున్నది. ఇంజనీర్ల బల్లలమీద, వైద్యుల గదులలో, స్ప్రింగులతో మోచేతివలె వంగుచు, పెట్టిన చోట నిలిచెడి దీపమును మీరు చూచియుందురు. దానిని 1932లో రూపొందించినవాడు జార్జి కార్వర్డైన్ అను ఆంగ్లేయుడు. ఆయన దీపముల వర్తకుడు కాడు. మోటారు బండ్ల కుదుపును తట్టుకొనెడి స్ప్రింగుల నిపుణుడు. బండి క్రింది స్ప్రింగు బల్లమీదికెక్కి దీపమైనది.

ఇక మన దేశములో ఇట్టి సామాను ఎక్కడ దొరకును? విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల, పెద్ద పట్టణముల పాత ఇనుప దుకాణములలో, మూతబడిన బియ్యపు మిల్లుల దొడ్లలో దొరకును. గుజరాతులోని అలంగు సముద్రతీరమున 1983 నుండి పాత ఓడలను విడగొట్టుచున్నారు. అక్కడ సముద్రపు పోటు మిక్కిలి యెత్తున వచ్చును. ఆ పోటులో ఓడను ఒడ్డునకెక్కించి, నీరు తీసిన పిమ్మట ముక్కలు చేయుదురు. ఆ ఓడల గోడలకుండెడి ఇత్తడి పంజరపు దీపములు దేశమంతట అమ్మకమునకు వచ్చుచున్నవి.

మాకు దొరకిన వస్తువు ఇంత దూరపుది కాదు. మాకు తెలిసిన రైతు ఇంటి దొడ్డిలో ఒక ఇత్తడి ఫుట్‌వాల్వు పడియుండెను. బావులమీద ఆయిలు ఇంజనులు నడచిన కాలములో, గొట్టము అడుగున నీటిలో మునిగి యుండెడిది ఇదే. ఎక్కిన నీరు తిరిగి బావిలోనికి జారకుండ కాపాడుట దీని పని. దీనికి చిల్లుల బుట్ట యొకటి, లోన ఒక తోలుబిళ్ల మూత. భూగర్భజలము అడుగంటి, బావులు ఎండి, లోతు బోర్లును వానిలో మునిగి నడచెడి మోటారులును వచ్చిన పిమ్మట దీనితో పనిలేకపోయినది. ఆ రైతు దానిని మా చేతిలో పెట్టుచు, "బావే లేదు, ఇదెందుకండీ?" అనెను. దానిమీద కోయంబత్తూరు అను అక్షరములు పోతపోసి యున్నవి. ఆ అచ్చు చేసినవాడెవ్వడో, కరిగిన లోహమును పోసినవాడెవ్వడో మనకు తెలియదు. వారి చేతిపని ఎన్నియేండ్లో చీకటిలో నీటి అడుగున నుండి ఒక కుటుంబమునకు అన్నము పెట్టినది. దానికొక వెలుగు నిచ్చుట న్యాయమని మాకు తోచెను.

సామాను ఏరుకొనుటలో మేము పాటించుచున్న మొదటి నియమము — ప్రాణమున్న వస్తువును చంపరాదు. నడచెడి కుట్టుమిషనును, పలికెడి పాత రేడియోను, అక్షరము కొట్టెడి టైపురైటరును విరిచి దీపము చేయుట పాపము. బాగుచేయువాడు దొరకినచో దానిని బాగుచేయించుటయే ఉత్తమము. తునిగిన దానిని, తుప్పుపట్టి తన పనికి తిరిగి రానిదానిని మాత్రమే తీసికొనవలెను.

రెండవ నియమము ప్రాణమునకు సంబంధించినది. ఈసారి మన ప్రాణమునకు. పాత వస్తువులలో ముట్టరానివి కొన్ని కలవు. విమానములనుండి, ఓడలనుండి వచ్చిన పాత బిళ్లల అంకెలు చీకటిలో మెరయుటకై ఒకప్పుడు రేడియం కలిపిన రంగు పూసెడివారు. మన ఊళ్లలో బండ్ల వెనుక అంటించెడి మెరుపు కాగితమును కూడ 'రేడియం' అందురు. అది పేరుకు మాత్రమే. అందులో రేడియం లేదు, అది పడిన వెలుగును త్రిప్పికొట్టును, అంతే. ఆ పాత బిళ్లలలోనిది నిజమైన రేడియం. 1917 ప్రాంతమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో గడియారపు అంకెలకు ఆ రంగు పూయు యువతులు, కుంచె కొనను పెదవులతో సన్నము చేసికొనుచు పనిచేసిరి. అట్లే చేయుడని వారికి నేర్పిరి. కొన్ని యేండ్లకు వారి దవడ యెముకలు శిథిలమైనవి, పలువురు మరణించిరి. వారిలో అయిదుగురు వేసిన వ్యాజ్యము 1928లో రాజీతో ముగిసినది. నేడు అట్టి బిళ్ల మెరయకపోవచ్చును. మెరుపు నిచ్చెడి పొడి చెడినదే కాని, రేడియం చెడలేదు. అది సగము తరుగుటకే సుమారు 1600 సంవత్సరములు పట్టును. కనుక అట్టి బిళ్ల మూత తెరవరాదు, గీకరాదు.

అట్లే పాదరసము గల ఉష్ణమాపకములను, గాజు బుడ్డిలో పాదరసము కదలెడి పాత స్విచ్చులను విడువవలెను. బాయిలరు గొట్టములకు చుట్టిన తెల్లని నారవంటి పట్టీ రాతినార కావచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో యేండ్లకు గాని బయటపడని వ్యాధిని తెచ్చును. దానిని చేతితో లాగుట తగదు. పాత రంగులలో సీసముండును గనుక పొడిగా గీకి ఆ దుమ్మును పీల్చరాదు. తడిపి రుద్దవలెను, ఆ నీటిని పిల్లలు తిరుగు చోట పోయరాదు.

శుభ్రపరచుట సులభము. ఇత్తడికి, రాగికి మన వంటింటి చింతపండును మించినది లేదు. అందులోని పులుపు లోహముపై పట్టిన మకిలను కరిగించును. కాని రుద్దిన పిమ్మట నీటితో కడిగి తుడిచి ఆరబెట్టవలెను. లేనిచో తిరిగి మచ్చలు వచ్చును. ఇనుమునకు చింతపండు పనికిరాదు. తుప్పుతో బిగిసిన మరలను ఒక రాత్రి కిరసనాయిలులో నానవేసినచో మరునాడు కదలును. మొత్తము మెరుగు పెట్టవలెనను నియమము లేదు. చేతి స్పర్శకు నునుపెక్కిన చోటును, కాలము తెచ్చిన నలుపును కొంత ఉంచినచో ఆ వస్తువు చరిత్ర నిలుచును.

గొట్టముల విషయమున ఒక తిరకాసున్నది. అంగడిలో 'అరంగుళము గొట్టము' అని అడిగినచో ఇచ్చునది ఏ కొలతకును సరిగా అరంగుళ ముండదు. దాని బయటి వ్యాసము దరిదాపు 21 మిల్లీమీటరులు, లోపలి సందు సుమారు 15 మిల్లీమీటరులు. దాని మరకు అంగుళమునకు 14 చుట్లు. ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్తు అను ఇంజనీరు మర చుట్లకు ఒక క్రమమును ప్రతిపాదించు వరకు ఒక కార్ఖానా మర మరియొక కార్ఖానా మేకునకు పట్టెడిది కాదు. ఆయన నిర్ణయించిన 55 డిగ్రీల కోణమే మన దేశపు గొట్టములలో నేటికిని నడచుచున్నది. అమెరికా గొట్టమునకును అంగుళమునకు 14 చుట్లే. కాని కోణము 60 డిగ్రీలు. రెంటిని బలవంతముగా బిగించినచో రెండు చుట్లు ఎక్కి మొరాయించును. మేమొక మధ్యాహ్నమంతయు అట్టి జతతో కుస్తీపట్టి, తప్పు మా బలములో నున్నదనుకొంటిమి.

పీట బరువుగా నుండవలెను. మా దీపమునకు పాత ఇంజనులోని పళ్లచక్రము పీట. దానిపై నిలువు గొట్టము, గొట్టము కొనను వంపు, వంపునుండి తలక్రిందులుగా వ్రేలాడు ఫుట్‌వాల్వు, దాని చిల్లుల బుట్టలో దీపము. వెలిగించినప్పుడు ఆ చిల్లుల నీడలు గోడమీద పరచుకొని, బావిలోనికి తొంగిచూచినట్లుండును. దీపపు కొమ్మ ముందునకు చాగినకొలది పీట వెడల్పు పెరుగవలెనని మరువరాదు. లేనిచో పిల్లవాడు తీగ లాగినప్పుడు దీపము వాని మీదనే పడును.

ఇక మా తప్పిదము. మొదట చేసినప్పుడు మేము రెండు తీగలే వాడితిమి. రెండు పుల్లల ప్లగ్గు బిగించితిమి. దీపము వెలిగినది. చూచిన మిత్రులందరు మెచ్చుకొనిరి. నాలుగు మాసములు గడచినవి. ఒకనాటి సాయంకాలము మా ఇంటివారు తడిగుడ్డతో బల్ల తుడుచుచు, వెలుగుచున్న దీపపు గొట్టమును పట్టుకొని ప్రక్కకు జరుపబోయిరి. కేక వినబడినది. మేము వచ్చునప్పటికి గుడ్డ ఒకచోట, ఆమె ఒకచోట పడియుండిరి. చేయి విదిలింపబడినందువలన ప్రాణము దక్కినది. గంటసేపటి వరకు ఆ వ్రేళ్లు వణకుచునే యుండెను. ఆమె ఒక్క మాటయు అనలేదు. అనకుండుటయే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

మరునాడు మా వీధిలోని ఎలక్ట్రీషియనును పిలిపించితిమి. అతడు గొట్టమును విప్పి, తీగను బయటకు లాగి, వేలితో ఒకచోట తడవి చూపెను. గొట్టమును కోసినప్పుడు లోపలి అంచున మిగిలిన బొడుసు, కత్తివలె పదునైనది, తీగ తొడుగును మెల్లగా కోసినది. దీపమును అటునిటు త్రిప్పిన ప్రతిసారియు కొంచెము కొంచెముగా కోసినది. చివరకు లోపలి రాగి గొట్టమును తాకినది. దీపము మామూలుగానే వెలుగుచుండుటచే మాకు ఏ అనుమానమును కలుగలేదు. అతడు మమ్ము తిట్టలేదు. "మూడో తీగ ఏదండీ?" అని మాత్రమే యడిగెను. విశ్వవిద్యాలయ పట్టము గల మేము ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయితిమి.

ఆ మూడవ తీగయే భూమి తీగ, ఆకుపచ్చని తీగ. దాని పని సులభముగా చెప్పవచ్చును. లోహపు ఒడలికి పొరపాటున విద్యుత్తు సోకినచో, అది మనిషిని వెదుకుకొనక, ఈ తీగ వెంట సులభమైన దారిని భూమిలోనికి పోవును. ఆ ప్రవాహపు ఉరవడికి ఫ్యూజు కరిగి సరఫరా ఆగిపోవును. మన ఇండ్లలోని విద్యుత్తు 230 వోల్టులు. అరువది వాట్ల సాధారణ బల్బు ఒక ఆంపియరులో పావువంతు ప్రవాహమును తీసికొనును. మనిషి గుండె లయ తప్పుటకు అందులో సగము చాలును. ఒక చిన్న బల్బు వెలుగుటకు కావలసినంత విద్యుత్తు కూడ అక్కరలేదన్నమాట.

అందుచేత ఇట్టి దీపము చేయదలచినవారు వినవలసిన సంగతులు కొన్ని చెప్పెదము. గొట్టము కోసిన ప్రతి కొనను లోపలివైపు గుండ్రని ఆకురాయితో రుద్ది, వ్రేలు త్రిప్పినను గీరుకొననంత నునుపు చేయవలెను. తీగ లోపలికి పోవు చోట, బయటకు వచ్చు చోట రబ్బరు వలయము లుంచవలెను. మూడు తీగల తాడునే వాడవలెను. ఆకుపచ్చ తీగను రంగు గీకివేసిన లోహమునకు మరతో గట్టిగా బిగింపవలెను. మూడు పుల్లల ప్లగ్గులో పై పుల్ల పొడవుగా, లావుగా నుండుట మీరు గమనించియుందురు. అది అందరికన్న ముందు కలసి, అందరికన్న వెనుక విడిపోవలెనని అట్లు చేసిరి. దానిని విరుగగొట్టి రెండు పుల్లల సాకెటులో దూర్చువారు తమ రక్షకుని తామే వెళ్లగొట్టువారు.

మరియొక సూక్ష్మమున్నది. గొట్టపు మరలకు నీరు కారకుండ చుట్టెడి తెల్లని నాడా గాని, రంగు గాని విద్యుత్తునకు అడ్డుతగులవచ్చును. అప్పుడు పీటకు భూమి తీగ యున్నను, పైనున్న వంపునకు దాని రక్షణ అందదు. కనుక అన్నియు బిగించిన పిమ్మట, ప్లగ్గు పెట్టకముందే, మీటరుతో దీపము నందలి ప్రతి లోహపు భాగమునుండి ప్లగ్గు పై పుల్ల వరకు దారి యున్నదో లేదో పరీక్షింపవలెను. మీటరు చూచుట తెలియనివారు తెలిసిన ఎలక్ట్రీషియనుచేత చూపించుకొనవలెను. అందులో చిన్నతన మేమియు లేదు. ఇంటికి ముప్పది మిల్లీ ఆంపియరులకే సరఫరాను త్రెంచెడి రక్షణ స్విచ్చు కూడ నున్నచో మరింత మేలు.

బల్బును గూర్చి ఒక మాట. ఇంగ్లండులో జోసెఫ్ స్వాను, అమెరికాలో ఎడిసను 1879లో బొగ్గు తీగతో వెలిగించి చూపిన దీపముల పోలికతో, పొడవైన బంగారు వన్నె తీగలు కనబడెడి బల్బులు నేడు అంగళ్లలో నున్నవి. వానిలో కొన్ని నిజముగా తీగ కాలెడివి. అవి తీసికొను విద్యుత్తులో పదియవ వంతైనను వెలుగుగా మారదు, మిగిలినదంతయు వేడి. ఇత్తడి బుట్టలో అట్టి బల్బును మూసినచో, ఆ వేడికి తీగల తొడుగు పెళుసెక్కి రాలును. అదే రూపములో ఎల్.ఇ.డి. బల్బులున్నవి. ఆరు వాట్లతో అంతే వెలుగు నిచ్చును, చేయి కాలదు. మర బల్బు హోల్డరు వాడినచో, ఫేజు తీగ నడుమ బొడ్డునకే కలుపవలెను; చుట్టు మర గిన్నెకు కలుపరాదు. బల్బు మార్చువారి వ్రేళ్లు ఆ గిన్నెకు మిక్కిలి దగ్గరగా నుండును.

ఈ సందర్భమున ఒక పాత దీపము కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1812లో ఇంగ్లండు ఉత్తర భాగమున ఫెల్లింగు అను బొగ్గుగనిలో వాయువు అంటుకొని పేలి 92 మంది మరణించిరి. దీపము లేక గనిలో పని సాగదు. దీపముతో దిగినచో వాయువు అంటుకొనును. 1815లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు దీపపు జ్వాల చుట్టు సన్నని లోహపు జల్లెడ నుంచి ఈ చిక్కును విడదీసెను. జ్వాల వేడిని జల్లెడ తీగలు లాగికొనును గనుక, బయటి వాయువునకు అంటుకొనునంత వేడి అందదు. పైగా వాయువు పెరిగినచో జ్వాలమీద నీలి టోపీ యొకటి లేచి పనివానిని హెచ్చరించును. ఈ సంగతి సింగరేణి గనులవారికి మేము చెప్పనక్కరలేదు. డేవీ ఆ దీపమునకు పేటెంటు తీసికొనలేదు. నేడు స్టీమ్‌పంక్ దీపములు చేయువారు ఆ గని దీపపు రూపమును మిక్కిలి ఇష్టపడి అనుకరించుచున్నారు. రూపమును అనుకరించుట సులభము. ఆ దీపము పుట్టినదే మనిషి ప్రాణము కాపాడుటకు. దాని అందమును మెచ్చుకొనుచు, ముట్టినవారి ప్రాణము తీయగల దీపమును మేము మా ఇంట బల్లమీద పెట్టుకొంటిమి. ఇది తలంచుకొన్నప్పుడెల్ల మాకు సిగ్గగును.

దీపమును పారవేయుడని మా ఇంటివారు అనలేదు. "సరిగా చేయండి" అనిరి. మొత్తము విప్పి, బొడుసులు అరగదీసి, మూడవ తీగ వేసి, ఆ ఎలక్ట్రీషియనుచేత పరీక్షింపజేసి, తిరిగి నిలిపితిమి. అతడు మీటరు ముల్లు చూచి తల యూపిన పిమ్మటనే ప్లగ్గు పెట్టితిమి. ఈ ప్రసంగమును వ్రాసినది ఆ దీపపు వెలుగులోనే. ఫుట్‌వాల్వు ఇచ్చిన రైతు ఒకనాడు మా ఇంటికి వచ్చి, గోడమీది చిల్లుల నీడలను చాలసేపు చూచి, "మా బావిలో నీళ్లున్న రోజుల్లో పొద్దున్నే ఇలాగే మెరిసేవండీ" అనెను.

కాబట్టి ప్రశ్న యడిగిన శ్రోతకు మా జవాబు ఇది. తాము ఈసారి ఆ హోటలునకు పోయినప్పుడు యజమానిని మూడు సంగతులు అడుగవలెను. ఈ భాగములు ఎక్కడివి, ఏ పని చేసినవి? ఇందులో పని లేక అంటించినవి ఎన్ని? దీనికి మూడవ తీగ యున్నదా? మొదటి రెంటికి సరియైన జవాబు వచ్చినచో అది పాత సామాను దుకాణము కాదని నమ్మవచ్చును. మూడవ దానికి జవాబు రాకపోయినచో, కాఫీ మాత్రము త్రాగి, ఆ దీపమును ముట్టక లేచి రావలెనని మా మనవి.